మూడు నెలల చక్రవర్తి నాణెం ఎవరికి చెందాలి

నలభై ఒక్క ఏళ్ళు పళ్ళ సెట్లు, పంటి తొడుగులు తయారుచేసి రిటైరైనదానను, బస్సు కండక్టరుగా పనిచేసి కాలం చేసినవారి భార్యను, ఇద్దరు బిడ్డల తల్లిని, వయసు డెబ్బై నాలుగు, డాక్టరును కాకపోయినా వీధిలో అందరి చేతా "పళ్ళ డాక్టరమ్మ" అనిపించుకుంటున్న నేను, కడుపునిండా తిని, కళ్ళజోడు తుడుచుకుని, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో రాయించిన వీలునామా ఏమనగా:

బలవంతం చేసేవాళ్ళు ఇంట్లో లేరా అంటే ఉన్నారు. వాళ్ళు చెబితే వినే రకాన్ని కాదని ఈ కాగితం చదివేవాళ్ళందరికీ తెలుసు.

ఈ ఏడు వేసవిలో నా చేత్తో ఒక చిత్తు వీలునామా రాసుకున్నాను. అది ఇందుమూలంగా రద్దు. ఎందుకు రద్దు చేయాల్సి వచ్చిందో లోపల ఉంది. తొందరపడి పేజీలు తిప్పకుండా వరసగా చదవండి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కోడలిది. ఏసీలు రిపేరు చేస్తుంది. ఎంత పాత మిషనైనా విప్పినదాన్ని మళ్ళీ బిగించకుండా వదలదు. నా కొడుకూ కూతురూ విప్పడంలో దిట్టలు, బిగించే దగ్గర ఫోను మోగుతుంది వాళ్ళకి. అందుకని ఈ బాధ్యత కోడలికే. దీని మీద ఇద్దరూ అలగరాదు.

2. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, అందులోని మంచాలు, బీరువా, వంటసామాను నా కొడుకుకీ కూతురికీ చెరిసగం. కిటికీ పక్కనున్న పనిబల్ల, దాని మీది మైక్రోస్కోపు మాత్రం కదిలించకుండా కోడలికే చెందవలెను. ఆ మైక్రోస్కోపు నేను పనిచేసిన ల్యాబు వాళ్ళు రిటైరైన రోజున ఇచ్చారు. మిగతావాళ్ళకి గోడగడియారం ఇచ్చేవాళ్ళు. నేను ముందే చెప్పాను, గడియారం ఇస్తే అక్కడే వదిలేసి వెళ్తానని.

3. రోము చక్రవర్తి ట్రాజన్ వెండినాణెం, దానితోపాటు నాణేల వివరాలు రాసుకున్న పధ్నాలుగు పొడుగు నోటుపుస్తకాలు నా కూతురికి.

దీని కథ అమ్మాయికి సగమే తెలుసు. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. మీ నాన్న డ్యూటీ దిగి వచ్చి, సంచీ దులిపి, ఒక నల్లటి బిళ్ళ నా చేతిలో పెట్టారు. "ఎవడో రద్దీలో చెల్లని కాసు అంటగట్టాడు. నీ పళ్ళవాళ్ళకి పనికొస్తుందేమో చూడు, కరిగించుకో" అన్నారు. కరిగించడానికి ముందు ఏదైనా కంటి దగ్గర పెట్టుకుని చూడటం నాకు అలవాటు. చూశాను. ఒక మగమనిషి మొహం, జుట్టు నుదుటి మీదికి దువ్వి ఉంది, మెడ గట్టిది, చుట్టూ అక్షరాలు. ఆ మనిషి నన్ను కాకుండా పక్కకి చూస్తున్నాడు. అసలు ఎవరు నువ్వు అని అడగాలనిపించింది.

అడగడానికి పదకొండు నెలలు పట్టింది. మీ పెదనాన్న, అంటే మా బావగారు, భూముల సర్వేయరు. మెడలో దారానికి భూతద్దం కట్టుకునే ఉంటారు కనుక ఆయన్ని అందరూ భూతద్దం అనే అంటారు. ఆయన నాణేన్ని కొలిచి, తూచి, అక్షరాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో గీతల కాగితం మీద పెద్దవి చేసి గీశారు. నేను అరిగిపోయిన అక్షరాల అడుగుభాగాలు పట్టుకున్నాను. కొలత ఆయనది, కన్ను నాది. మధ్యలో మాటలు విడదీయకుండా రాస్తారని మాకు తెలియదు. "అవ్‌గెర్‌డాక్" అని ఒక ముక్క చదివి, అదే ఆయన పేరనుకున్నాం. మీ నాన్న అయితే ఆ నాణేన్ని అవ్‌గెర్‌డాక్ గారు అని గౌరవంగా పిలిచేవారు. పనికి వెళ్తూ "అవ్‌గెర్‌డాక్ గారూ, వెళ్ళొస్తాను" అనేవారు. చివరికి లైబ్రరీలో ఒక పుస్తకం దొరికి, అది పేరు కాదని, బిరుదుల కత్తిరింపులని తేలింది: జర్మనీని గెలిచినవాడు, డేసియా దేశాన్ని గెలిచినవాడు. వెనకవైపు ఐదోసారి కాన్సులు, అంటే రోములో ఏడాది పదవి, అని ఉంది కనుక క్రీస్తు శకం నూట మూడుకీ నూట పదకొండుకీ మధ్య కొట్టిందని కూడా తెలిసింది. పంతొమ్మిది వందల ఏళ్ళనాటి మనిషి మన ఊరి బస్సులో టిక్కెట్టు కొని దిగిపోయాడన్నమాట. ఆ సాయంత్రం బావగారు, నేను ఒకరి చేతులొకరం పట్టుకుని పిల్లల్లా గెంతాం. మా తోడికోడలు గుమ్మంలో నిలబడి, మాకు దిష్టి తీయాలో డాక్టరుకి చూపించాలో తెలియక చూస్తుండిపోయింది.

4. హేడ్రియన్ చక్రవర్తి నాణెం, నేను నాణేలు పేర్చుకున్న పళ్ళేల్లో ఏడోదానిలో రెండో వరసలో మిగతావాటి మధ్య అద్దంలా మెరిసేది, నా కొడుకుకి. తొమ్మిదేళ్ళప్పుడు, అమ్మకి సంతోషంగా ఉంటుందని, టూత్‌పేస్టు పెట్టి బ్రష్షు అరిగేదాకా దాన్ని తోమింది వాడే. పాత వెండి మీది నల్లటి పొర శతాబ్దాలు కూర్చున్న పొర, దాన్ని గీకకూడదు. నేను కేక వేయబోయేంతలో బావగారు అడ్డొచ్చి "నేనే తోమమన్నానమ్మాయ్, నన్ను తిట్టు" అన్నారు. ఆయన ఆ దరిదాపుల్లో కూడా లేరని నాకు తెలుసు. వాడికీ తెలుసు. ఆ రోజు నుంచి వాడు పెదనాన్న చొక్కా పట్టుకునే తిరిగాడు. సెలవులొస్తే సర్వే గొలుసు ఆ చివర ఆయన, ఈ చివర వీడు.

మిగతా వారసులు మాత్రం గుర్తుపెట్టుకోండి. నా నాణేల్లో దేన్నయినా తోమినవారికి, చింతపండు రాసినవారికి, పౌడరు పూసినవారికి ఆ నాణెం మీద హక్కు పోతుంది. ఇది సరదాకి రాసింది కాదు. ఈ కాగితం రాస్తున్న లేఖరి గారు కూడా చెల్లుతుందన్నారు.

5. పైన వెండి పొర, లోపల రాగి ఉన్న నకిలీ నాణెం మా నాణేల క్లబ్బు అధ్యక్షుడికి. చీటీ, వివరం ఏమీ పెట్టకుండా ఇవ్వవలెను.

అది ఈనాటి నకిలీ కాదు. ఆ రాజుల కాలంలోనే ఎవడో రాగిబిళ్ళకి వెండిరేకు చుట్టి, కాల్చి, ముద్ర కొట్టి చలామణీ చేశాడు. పంటికి క్యాపు వేసే పనే అది. వాడెవడో గానీ నా వృత్తివాడు, చేయి తిరిగినవాడు. అంచు దగ్గర ఆవగింజంత పొర లేచింది కాబట్టి బయటపడ్డాడు. నా దగ్గరున్నవాటిలో నాకు ఇష్టమైనవాటిలో ఇదొకటి. ఇక అధ్యక్షుడు, ఇరవై ఐదేళ్ళుగా ప్రతి సమావేశంలోనూ "నా చేతిలో పడితే నకిలీ నకిలీయే, నన్ను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు" అంటున్నారు. నిజమే, ఇప్పుడు పుట్టలేదు. చాలా ముందే పుట్టి పోయాడు. ఆయనకి ఎన్నాళ్ళు పడుతుందో చూసి నా కోడలు నవ్వుకోవచ్చు. ఏడాది దాటితే చెప్పేయవలెను.

6. ఇప్పుడు పెర్టినాక్స్ నాణెం. ఇది చదివేటప్పుడు నా పిల్లలిద్దరూ పక్కపక్కనే కూర్చోవలెను.

పెర్టినాక్స్ మూడు నెలల చక్రవర్తి. మూడు నెలలకే సొంత సైనికులు చంపేశారు. కనుక ఆయన నాణేలు తక్కువ, నకిలీలు ఎక్కువ. ఇరవై రెండేళ్ళ క్రితం బావగారు తన నాణేల్లోంచి తొమ్మిదింటిని ఒక పాతసామాను వ్యాపారికి ఇచ్చి, బదులుగా పెర్టినాక్స్ ఒకటి తెచ్చుకున్నారు. ఒకవైపు గడ్డం మనిషి, రెండోవైపు నక్షత్రం వైపు చేతులు చాచిన దేవత. సైకిల్ షాపు పైన హాల్లో, ఆదివారం ఉదయం మా క్లబ్బు సమావేశం. నలుగురిలో నోరు విప్పని మనిషి, నాలుగు పేజీల ప్రసంగం రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఇరవై ఏడు మంది సభ్యులు. పెట్టె తెరిచి, "ముందు మా మరదలు చూడాలి. దాని కన్ను పడితేగానీ నాకు తృప్తి ఉండదు" అని నా చేతికిచ్చారు.

ఆ వారం ల్యాబులో నేను పోసిన తొడుగులు పధ్నాలుగు వరసగా పాడయ్యాయి. అచ్చులో తేమ ఉండిపోయి లోహంలో బుడగలొచ్చాయి. నాలుగు రోజులుగా బుడగలే చూస్తున్నాను, బుడగలే కలలోకొస్తున్నాయి. నాణెం మీద చక్రవర్తి మెడ దగ్గర గుంటలు కనిపించాయి. కనిపించగానే అనేశాను. "బావగారూ, ఇది పోత. అచ్చులో పోసిన నకిలీ."

మెల్లగా చెప్పొచ్చు. పక్కకి పిలిచి చెప్పొచ్చు. ఇంటికెళ్ళాక చెప్పొచ్చు. ఇరవై ఏడు మందికీ వినబడేలా చెప్పాను. పొరపాటు పడటం ఒక ఎత్తు, దాన్ని గొంతెత్తి ప్రకటించడం ఇంకో ఎత్తు. వెనక వరసలోంచి ఎవరో "సర్వేయరు గారు ఈసారి హద్దు తప్పారు" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అది రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, ప్రమాణం చేసి రాసే కాగితం కదా.

బావగారు పెట్టె మూశారు. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నారు. మెట్లు దిగి వెళ్ళిపోయారు. మర్నాడు క్లబ్బుకి రాజీనామా వచ్చింది. ఆ వారంలోనే నాణేన్ని వ్యాపారి మొహాన కొట్టి, ఇచ్చినంత పుచ్చుకుని వచ్చేశారని తెలిసింది. మా ఇంటికి రావడం మానేశారు. నేను మాత్రం తగ్గానా? "నిజం చెప్పడానికి మొహమాటం ఏమిటి" అని కూర్చున్నాను. నా కొడుక్కి అప్పుడు పధ్నాలుగేళ్ళు. "మీ ఇద్దరికీ నాణెం గొడవ. నా పెదనాన్న నాకేం చేశాడే అమ్మా?" అని అడిగాడు. వాడు మళ్ళీ అడగలేదు.

7. లూసియస్ వేరస్ నాణెం, గడ్డంలో ఒక్కో ఉంగరం విడివిడిగా లెక్కపెట్టగలిగేది, మా వీధి చివర సెలూన్ ఆయనకి. అంత శ్రద్ధగా గడ్డం చేయించుకున్న మనిషి నాణెం మరొకరికి ఇస్తే ఆ చక్రవర్తే ఒప్పుకోడు.

ఈయనకి ఎందుకిస్తున్నానంటే, ఆరేళ్ళ క్రితం మావారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అమ్మా, మీకు తెలుసో లేదో. అన్నదమ్ములిద్దరూ రెండు వారాలకోసారి మా షాపులోనే కూర్చునేవారు. పదహారేళ్ళు. నాణెం మాట తప్ప అన్నీ మాట్లాడుకునేవారు" అన్నారు. మావారి నెత్తి మీద అప్పటికి పదిహేనేళ్ళుగా కత్తెరకి దొరికే వెంట్రుకలు లేవు. అయినా రెండు వారాలకోసారి "క్రాపు చేయించుకొస్తా" అని బయల్దేరితే నేను ఒక్కసారి కూడా అనుమానపడలేదు. నాణెం మీద ఈగ కాలంత గీత పట్టుకునే కన్ను ఇది! ఆ మాట విని ముందు ఉడుక్కున్నాను. తర్వాత, ఆయన పోయిన పది రోజులకి మొదటిసారి నవ్వాను. ఆ నవ్వుకే ఈ నాణెం.

8. పెర్టినాక్స్ మిగతా కథ.

మావారి బట్టలు సర్దుతుంటే, గడ్డం గీసుకునే సామాను డబ్బాలో, బ్లేళ్ళ అడుగున, చిన్న పొట్లం దొరికింది. పాత టిక్కెట్టు రోలు కాగితం. లోపల పెర్టినాక్స్. కాగితం మీద ఆయన దస్తూరీ, ఒకే మాట: "అన్నయ్యది."

వ్యాపారి దగ్గరికి వెళ్ళి దాన్ని ఆ వారంలోనే వెనక్కి తెచ్చి ఉంటారు. అన్నకి ఇస్తే ఆయన నాణెం మాట ఎత్తనివ్వరు. నాకు చెబితే నేను ఊరుకోను. మధ్యలో మనిషి పదహారేళ్ళు అలా దాచిపెట్టుకున్నారు.

దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. నేనిక ల్యాబులో లేను, బుడగలు కలలోకి రావడం మానేశాయి, తీరిగ్గా చూశాను. పోతలో వచ్చే బుడగ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇక్కడి గుంటలు గరుకుగా, కోణాలుగా ఉన్నాయి. మట్టిలో వందల ఏళ్ళు పడున్న వెండిని తేమ కొరికితే వచ్చేవి అవి. పైగా అక్షరాల పక్క నుంచి అంచు వైపుకి సన్నటి గీతలు. సమ్మెట దెబ్బ పడ్డప్పుడు లోహం బయటికి పరిగెత్తిన జాడలు. పోసిన నాణేనికి అవి రావు. ఇది కొట్టిన నాణెం. అసలుదే. నేను తప్పు.

తెలిశాక పరిగెత్తుకెళ్ళానా? లేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకుంటూ ఆరేళ్ళు గడిపాను. వేసవిలో చిత్తు రాసినప్పుడు మాత్రం ధైర్యం చేశాను: "నా తదనంతరం ఈ నాణేన్ని మా బావగారికి అందజేసి, క్షమాపణ చెప్పవలెను." చచ్చాక చెప్పే క్షమాపణ చాలా సులువు. ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు.

ఆ చిత్తు తీసుకెళ్ళి లేఖరి గారికి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు పైకి తోసి, "అమ్మా, ఈ బావగారి వయసెంత?" అన్నారు.

"ఎనభై ఒకటి."

"మీకు డెబ్బై నాలుగు. మీరే ముందు పోతారని ఆయనతో ఏమైనా మాట్లాడుకున్నారా?"

చిత్తు వెనక్కి తీసుకుని, అక్కడి నుంచే ఆటో ఎక్కాను. అది బుధవారం, పొద్దున పదిన్నర.

తలుపు తీసింది మా తోడికోడలు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఓసి నువ్వా! చెప్పులు అక్కడే విప్పు, ఇప్పుడే తుడిచాను" అంది. మావారు పోయినప్పుడు కూడా వచ్చి మాట్లాడకుండానే వెళ్ళిన మనిషి, ఇరవై రెండేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. లోపల బావగారు చుట్టచుట్టిన పటాల మధ్య కుర్చీలో ఉన్నారు. మెడలో భూతద్దం అలాగే ఉంది, మెడే సన్నబడింది. పక్క కుర్చీలోంచి పటాలు తీసి, "కూర్చో అమ్మాయ్" అన్నారు.

దారంతా వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నాణెం ఆయన చేతిలో పెట్టాను. "బావగారూ, ఆ రోజు నేనన్నది తప్పు. ఇది అసలుదే" అన్నాను.

ఆయన భూతద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

"ఇది పోత" అన్నారు.

"కాదండీ, కొట్టిందే."

"పోతే. నువ్వు చెప్పింది రైటు."

"నేను చెప్పింది తప్పని నేనే చెబుతున్నాను కదా!"

"నీకేం తెలుసు? ఐదేళ్ళు చదివాను దీని మీద. అమ్మేసే ముందు తీయించిన ఫోటోలున్నాయి, గుంటలన్నీ గుండ్రంగా ఉన్నాయి. నకిలీలు మూడు కొని పక్కన పెట్టి చూశాను. నువ్వే రైటని ఒప్పుకున్నాను. పదిహేడేళ్ళుగా నీ దగ్గరికొచ్చి ఆ మాట చెబుదామనుకుంటున్నాను. కోపంతో లేచొచ్చినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని రాను?"

"నేను ఆరేళ్ళుగా మీ దగ్గరికొచ్చి నేనే తప్పని చెబుదామనుకుంటున్నాను!"

"తప్పు కాదంటుంటే!"

"తప్పేనండీ!"

ఇద్దరం లేచి నిలబడి అరుస్తున్నాం. వంటగదిలోంచి వచ్చిన మా తోడికోడలు గోడకి చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక నేల మీద కూలబడి నవ్వింది. "ఎవరికి వాళ్ళు తామే తప్పనుకుని ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నారా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది! తప్పో ఒప్పో, ఇద్దరూ భోంచేసి పోట్లాడుకోండి."

తినేటప్పుడు బావగారు అడిగారు, ఇది నీ దగ్గరికెలా వచ్చిందని. పొట్లం కాగితం తీసి ఇచ్చాను. ఆ ఒక్క మాట చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. భూతద్దం విప్పి, మాసి లేకపోయినా చొక్కా అంచుతో తుడిచారు. "వెధవ" అన్నారు. "పదహారేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఒక్క ముక్క చెప్పలేదు."

నాణేన్ని ఉంచుకోమంటే, మైక్రోస్కోపు దగ్గరే ఉండనీ అన్నారు. ఆ తర్వాత వరసగా మూడు బుధవారాలు నా పనిబల్ల దగ్గరికి వచ్చి మైక్రోస్కోపులో చూశారు. మొదటి వారం ఒప్పుకోలేదు. రెండో వారం "గీతలైతే ఉన్నాయి" అన్నారు. మూడో వారం కన్ను ఎత్తకుండానే, "ఇవి వాలు గీతలమ్మాయ్. నేల ఎటు వాలిందో చూపించడానికి పటాల్లో నేనే వేలకొద్దీ గీశాను. ఇక్కడ వెండి వాలింది. దీన్ని దెబ్బ కొట్టారు" అన్నారు. చివరికి ఆయన్ని ఒప్పించింది నా కన్ను కాదు, ఆయన పనే.

పోయిన నెల ఆదివారం క్లబ్బు హాల్లో నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడు సభ్యులు పదకొండు మందే, కింద సైకిల్ షాపు మొబైల్ షాపయింది. ఇరవై రెండేళ్ళ క్రితం ఇదే హాల్లో నేనన్న మాట తప్పని, ఆ నాణెం అసలుదని, నవ్వినందుకు సిగ్గుపడుతున్నానని గట్టిగా చెప్పాను. అధ్యక్షుడు తాను అప్పుడే అనుకున్నానన్నారు. తర్వాత బావగారు లేచారు. జేబులోంచి నాలుగు పేజీలు తీశారు. మడతల దగ్గర చిరిగి, టేపు వేసి ఉన్నాయి. చదివారు. రెండోపేజీ తలకిందులుగా పట్టుకున్నారు, నక్షత్రం వైపు చేతులు చాచిన దేవత గురించి మూడు వాక్యాలు రెండుసార్లు చదివారు. నా కొడుకు బేకరీకి సెలవు పెట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రసంగం అయ్యాక వెళ్ళి పెదనాన్న చేతిలోంచి ఆ పేజీలు తీసుకుని, చేయి పట్టుకుని మెట్లు దింపాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అడగలేదు.

కాబట్టి సదరు పెర్టినాక్స్ నాణెం నా తదనంతరం మా బావగారికి సర్వహక్కులతో చెందవలెను. (ఈ వాక్యం కొట్టివేయడమైనది. పదకొండో అంశం చూడుము.)

9. ఫౌస్టినా మహారాణి నాణెం మా తోడికోడలికి. జుట్టంతా పైకి చుట్టి నడినెత్తిన కొప్పు పెట్టుకుని ఉంటుంది ఆ తల్లి. నేను అక్కయ్యా అని పిలిచే మా తోడికోడలి కొప్పు సరిగ్గా అదే. ఫౌస్టినా పోయాక కూడా ఆవిడ భర్త దాదాపు ఇరవై ఏళ్ళు, తాను బతికున్నన్నాళ్ళూ, ఆవిడ మొహంతో నాణేలు కొట్టిస్తూనే ఉన్నాడు. మా బావగారు యాభై ఆరేళ్ళ కాపురంలో అక్కయ్య కొప్పు బాగుందని ఒక్కసారి కూడా అనలేదని నాకు సమాచారం. నాణెం ఆయన కళ్ళబడే చోట పెట్టవలెను.

10. మిగిలిన అరవై మూడు నాణేలూ నా కొడుకూ కూతురూ ఒకరి తర్వాత ఒకరు ఎంచుకుని పంచుకోవలెను. ముందు ఎంచుకునేది అమ్మాయి. అబ్బాయి ఒప్పుకోకపోతే ముందు ఎంచుకునేది కోడలు.

11. ఈ అంశం ఈ ఉదయం లేఖరి గారి గదిలో, టైపు చేసిన కాగితాల చివర చేత్తో రాయించింది.

సంతకాలకి నేను ఆటోలో వస్తుంటే బావగారు తోడొచ్చారు. బుధవారం కదా, ఎటూ వచ్చే రోజే అన్నారు. లేఖరి గారు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. బావగారు కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో రెండుచోట్ల నవ్వారు, కొప్పు దగ్గర దగ్గారు. ఇద్దరు సాక్షులు కావాలి. పక్కనున్న జిరాక్స్ షాపు ఆవిడ ఒకరు వచ్చారు. రెండో మనిషిగా లేఖరి గారు పిలుద్దామనుకున్న ఆయన సెలవులో ఉన్నాడు.

"నేనున్నాను కదా" అన్నారు బావగారు.

"మీరు పెట్టకూడదండీ" అన్నారు లేఖరి గారు. "వీలునామాలో మీకు నాణెం వస్తోంది. వచ్చేవారు సాక్షి సంతకం చేస్తే, ఆ వచ్చేది రాకుండా పోతుంది."

బావగారు బల్ల మీదికి చేయి చాచారు. "అయితే ఆ పెన్ను ఇటివ్వండి" అన్నారు.

"బావగారూ, వద్దు! అది మీది" అన్నాను.

"నాదే. నాది గనకే చెబుతున్నాను. ఎనభై ఒకటొచ్చాయి నాకు. నాణెం మళ్ళీ చూశాను, నాలుగు పేజీలూ చదివాను. ఇంకేం చేసుకుంటాను దాన్ని? తమ్ముడి కొడుక్కి రాయి అమ్మాయ్. వాడికి పధ్నాలుగేళ్ళప్పుడు, కోపంలో వాణ్ణి కూడా వదిలేసి వచ్చాను. నాణేనిదేముంది, ఎవరో ఒకరు దాచిపెడతారు. వాణ్ణి ఎవరూ దాచిపెట్టలేదు. వాడంతట వాడే పెరిగాడు."

లేఖరి గారు మళ్ళీ టైపు చేయాలన్నారు. అక్కర్లేదని బావగారే స్కేలు అడిగి తీసుకుని, ఎనిమిదో అంశంలోని ఆ వాక్యం మీద సర్వేయరు గీత ఒకటి, వంకర లేకుండా గీశారు. పక్కన నేను పొట్టి సంతకం పెట్టాను.

కాబట్టి పెర్టినాక్స్ నాణెం నా కొడుకుకి చెందవలెను. కాగితం ప్రకారం ఇస్తున్నది నేను. అసలు ఇచ్చినవారి సంతకం కింద రెండో సాక్షి స్థానంలో ఉంది. ఒరేయ్ నాన్నా, ముందు అది చదువు.

ఇది నేను చదివించుకుని, విని, సమ్మతించి పెట్టిన సంతకం.

2022 నవంబరు 16, బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర.

(సంతకం) పళ్ళ డాక్టరమ్మ

సాక్షులు:

ఒకటి. (సంతకం) లేఖరి గది పక్కన జిరాక్స్ షాపు నడుపుతున్న ఆవిడ

రెండు. (సంతకం) భూతద్దం, రిటైర్డు సర్వేయరు, పై నాణేన్ని పుచ్చుకోబోయే అబ్బాయికి పెదనాన్న